అడగకుండా కుక్కను గొరిగి పంపితే: పద్దెనిమిదేళ్లుగా ఈ పని చేస్తున్న గ్రూమర్ సమాధానం

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మూడేళ్ల షిట్జూ కుక్క. బొచ్చు కాస్త తగ్గించి, ముఖం గుండ్రంగా దిద్దమని చెప్పి గ్రూమింగ్ షాపులో వదిలి వచ్చారు. రెండు గంటల పని అన్నారు, అయిదు గంటల తరవాత పిలిచారు. వెళ్లి చూస్తే ఒంటిమీద చర్మం కనిపించేలా గొరిగి ఉంది. తొడల సందుల్లో ఎర్రటి మచ్చలు, ఎడమ చెవి కొస కాస్త ఉబ్బు, ముందరి కుడికాలి గోటి దగ్గర ఎండిన రక్తం. అడిగితే ‘చిక్కులున్నాయి, తప్పలేదు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టారు. అప్పటినుంచీ అది మంచం కిందినుంచి రావడం లేదు, ఆ కాలు ముట్టుకోనివ్వడం లేదు. తప్పు వాళ్లదా మీదా, బొచ్చు మళ్లీ వస్తుందా, ఇకముందు ఎవరికైనా నమ్మి అప్పగించవచ్చా అని అడిగారు.

అన్నిటికీ చెబుతాను. కానీ ముందు చెవి సంగతి.

చెవి ఉబ్బిందని మీరు చివర్లో మాటవరసకు రాశారు. ఇవాళ మొట్టమొదట చూడవలసింది అదే. చెవులమీద బొచ్చు జడలు కట్టి చాలాకాలం ఉంటే, ఆ బిగువుకు చెవిలో రక్తం సరిగ్గా ఆడదు. జడలు తీసెయ్యగానే ఒక్కసారిగా కొసల దాకా రక్తం వస్తుంది. మంట, దురద. ఇంతకాలం బరువుగా వేలాడిన చెవులు హఠాత్తుగా తేలికైపోతాయి. కుక్క అదేపనిగా తల విదిలిస్తుంది. ఆ విదిలింపులకు సన్నని రక్తనాళాలు చిట్లి, చర్మం కింద రక్తం చేరి చెవి చిన్న దిండులా ఉబ్బుతుంది. రెండు చెవులనూ వేళ్ల మధ్య పట్టి పోల్చి చూడండి. ఎడమది మందంగా, వెచ్చగా, లోపల నీళ్లు నింపినట్టు మెత్తగా తగిలితే ఆలస్యం చెయ్యకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. అలాగే వదిలేస్తే లోపలి రక్తం గట్టిపడి చెవి ముడుచుకుపోతుంది, ఆ వంకర ఇక పోదు. దారిలో చెవులు కొట్టుకోకుండా తలచుట్టూ పాత బనియను గుడ్డ ఒకటి చుట్టండి. గొంతు దగ్గర మీ రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి.

తొడల సందుల్లో ఎర్రదనం చాలావరకు బ్లేడు వేడివల్లనో, ఒకేచోట పదేపదే తిప్పడంవల్లనో వచ్చే రాపిడి. క్లిప్పరు, అంటే బొచ్చు గొరిగే మెషీను, నడుస్తున్నకొద్దీ బ్లేడు వేడెక్కుతుంది. కొన్ని నిమిషాలకొకసారి దాన్ని మా మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకోవాలి, వేడిగా ఉంటే మార్చాలి. పని ఒత్తిడిలో చాలామంది ఈ ఒక్క జాగ్రత్త వదిలేస్తారు. చల్లటి నీళ్లలో తడిపి పిండిన గుడ్డను అయిదేసి నిమిషాలు వేసి తీస్తే ఉపశమనంగా ఉంటుంది. నాకనివ్వకండి, నాకితే రాత్రికి రాత్రే పచ్చిపుండు అవుతుంది. మెడకు గరాటు పట్టీ వేయక తప్పదు. ఇంట్లో ఉన్న మనుషుల మందులేవీ రాయవద్దు. జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీములు నాకితే కుక్కలకు విషం, టీ ట్రీ నూనె ఇంకా ప్రమాదం. నొప్పి తగ్గుతుందని పారాసెటమాల్, ఐబూప్రొఫెన్ లాంటివి అసలే ఇవ్వకండి. మచ్చలు తడిగా మారినా, వాసన వచ్చినా, రెండు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోయినా డాక్టరుకు చూపించండి.

గోటి విషయం పెద్దది కాదు. గోరు లోపల రక్తం, నరం ఉన్న మెత్తటి భాగం ఒకటి ఉంటుంది. నల్లగోళ్లలో అది పైకి కనిపించదు. ఎంత అనుభవం ఉన్నవాళ్ల చేతిలోనైనా ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది, నా చేతిలోనూ తెగింది. రక్తం ఆపే పొడి అద్ది కాసేపు నొక్కి పట్టుకుంటే ఆగిపోతుంది. మూడో రోజుకు కూడా కుంటుతున్నా, అదేపనిగా నాకుతున్నా చూపించండి.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. వచ్చే నాలుగైదు రోజులు వీపు గమనించండి. నిమిరితే కుయ్యిమని అరవడం, వెన్ను వెంట చిన్న చిన్న కురుపులు, మందకొడితనం, జ్వరం కనిపిస్తే అది అలసట అనుకోవద్దు. నీళ్లు కలిపి రోజుల తరబడి నిలవ ఉంచిన షాంపూలో సూడోమోనాస్ లాంటి బాక్టీరియా పెరుగుతుంది. స్నానంలో గట్టిగా రుద్దినప్పుడు వెంట్రుకల కుదుళ్లలోకి దిగి లోతైన ఇన్ఫెక్షన్ తెస్తుంది. అరుదే, కానీ వచ్చిందంటే కుక్క విలవిల్లాడిపోతుంది. అలాంటప్పుడు డాక్టరుతో ‘ఫలానా రోజు గ్రూమింగ్ చేయించాం’ అని తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాటతో ఆయన ఆలోచన సరైన దారిలో పడుతుంది. కుక్కకు 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ దాకా మామూలు వేడే, మన లెక్కతో చూసి కంగారు పడకండి.

బొచ్చు వస్తుంది. షిట్జూ జుట్టు ఆగకుండా పెరిగే రకం. మూడు నాలుగు నెలల్లో మీ చేతికి మళ్లీ పట్టుగా తగులుతుంది. పొమెరేనియన్‌నో హస్కీనో ఇలా గొరిగి ఉంటే నేను ఇంత ధైర్యంగా చెప్పలేకపోయేదాన్ని. వాటికి పైన బిరుసు వెంట్రుకలు, కింద దూదిలాంటి ఉన్ని, రెండు పొరలుంటాయి. మొదలంటా గొరిగితే కొన్నింటికి ఏడాది దాటినా అతుకులు అతుకులుగానే వస్తుంది, కొన్నింటికి పాత బొచ్చు తిరిగి రానే రాదు. వేసవిలో చల్లగా ఉంటుందని ఆ జాతులను గొరిగించే వాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. మీది ఆ కోవ కాదు. ప్రస్తుతానికి ఎండలో తిప్పకండి, చలిగా ఉంటే పల్చటి నూలు చొక్కా వేయండి.

ఇక తప్పెవరిదన్న మాట. ఇక్కడ మీకు కొంచెం కష్టమైన సంగతి చెప్పాలి.

నెలకోసారి మీరే స్నానం చేయిస్తున్నామని, రోజూ బ్రష్ చేస్తున్నామని రాశారు. ఆ శ్రద్ధను నేను శంకించడం లేదు. కానీ షిట్జూ బొచ్చులో చిక్కు పైన పడదు, చర్మానికి ఆనుకుని మొదలవుతుంది. పైపైన బ్రష్ తిప్పితే మీదంతా పట్టులా జారుతుంది, అడుగున చిక్కు అలాగే ఉంటుంది. పట్టీ ఒరుసుకునే మెడ, చంకలు, చెవుల వెనక, తొడల సందులు దాని స్థావరాలు. ఆ చిక్కుమీద నీళ్లు పోసి స్నానం చేయిస్తే ఉన్ని గుడ్డ ముడుచుకున్నట్టు బిగుసుకుంటుంది. నాలుగు స్నానాలయ్యేసరికి చిన్న చిన్న ఉండలన్నీ కలిసి అట్ట కడతాయి. నా బల్లమీదకు వచ్చిన అలాంటి కుక్కల ఒంటిమీద వేళ్లు దూర్చాలని చూస్తే వేళ్లు ఆగిపోతాయి. కంబళి ముక్క మీద చెయ్యి పెట్టినట్టుంటుంది. ఆ అట్టను ఒకచోట పట్టి కదిపితే చుట్టుపక్కల జానెడు మేర చర్మం కూడా కదులుతుంది. అంటే ఆ కుక్క వేసే ప్రతి అడుగుకూ ఎవరో జుట్టు పట్టి లాగుతున్నట్టే లెక్క. అట్ట ఎత్తి చూస్తే కింద చర్మం తడిగా, ఎర్రగా, ముక్కిపోయిన వాసనతో ఉంటుంది. ఒక్కోచోట కమిలి ఊదారంగుకు తిరిగి ఉంటుంది. ఆ మచ్చలు క్లిప్పరు వల్ల వచ్చినవి కావు, క్లిప్పరు బయటపెట్టినవి. మీ కుక్క ఒంటిమీద ఉన్న ఎరుపులో కొంత ఇలాంటిదే అయి ఉండవచ్చు. ఏది ఎంతన్నది చూసిన డాక్టరే తేల్చాలి.

అట్ట కట్టిన బొచ్చును ‘ఒక అంగుళం ఉంచి’ కత్తిరించడం ఎవరివల్లా కాదు. బ్లేడు నడవాలంటే అట్టకూ చర్మానికీ మధ్య ఉన్న సందులోంచే నడవాలి. ఆ సందు ఎంతుంటే అంతే మిగులుతుంది. మేము అలాంటప్పుడు ఎక్కువగా వాడే పదో నంబరు బ్లేడు సుమారు మిల్లీమీటరున్నర బొచ్చు మాత్రమే ఉంచుతుంది. గంటల తరబడి లాగి విప్పుతామనే వాళ్లూ ఉన్నారు. చిన్నచిన్న చిక్కులైతే విప్పవచ్చు, నేనూ విప్పుతాను. ఒళ్లంతా అట్టకట్టాక విప్పడమంటే మన అందం కోసం దాన్ని హింసపెట్టడమే. అప్పుడు గొరగడమే దయ. కాబట్టి గొరిగినందుకే వాళ్లను తప్పుపట్టమని నేను చెప్పలేను.

మీకు ఫోను చెయ్యనందుకు మాత్రం నూటికి నూరుపాళ్లూ తప్పుపడతాను.

కుక్కను అప్పగించుకునేటప్పుడే, మీరు ఇంకా అక్కడ నిలబడి ఉండగానే, ఇనుప దువ్వెనను నాలుగుచోట్ల చర్మం దాకా దించి చూడాలి. నిమిషం పని. దువ్వెన ఎక్కడ ఆగిందో మీ చేతికే ఇచ్చి చూపించాలి. ‘ఇది దిద్దుడుకు లొంగదు, మొదలంటా తియ్యాలి, కింద ఎర్రదనం ఉండవచ్చు, చెవులు జాగ్రత్తగా చూసుకోవాలి, మీకు సమ్మతమేనా’ అని అడగాలి. పని మధ్యలో బయటపడిందంటే క్లిప్పరు ఆపి ఫోను చెయ్యాలి. గోరు తెగితే దాచకుండా చెప్పాలి. మీ కుక్క అయిదు గంటలు అక్కడుంది. ఒక్క ఫోనుకు తీరిక లేకపోయిందంటే నేను నమ్మను.

ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ తప్పు ఒకప్పుడు నేనూ చేశాను. పనిలో చేరిన రెండో ఏడు. ఒక లాసా ఆప్సో చెవులు అట్టకట్టి ఉంటే శుభ్రంగా తీసి, రిబ్బను కట్టి పంపించాను. చెవులు ఉబ్బవచ్చన్న సంగతి నాకు తెలుసు. కానీ చెబితే దాని యజమానురాలు భయపడుతుందని, నామీద నమ్మకం పోతుందని ఊరుకున్నాను. మర్నాడు ఉదయం ఆమె కుక్కను చంకనెత్తుకుని వచ్చింది. చెవి అరచేతి మందాన ఉబ్బి, కొస చిట్లి, విదిలించిన ప్రతిసారీ ఆమె చీరమీద రక్తపు చుక్కలు పడుతున్నాయి. నన్ను తిట్టలేదు. ‘ఒక్క మాట చెప్పి ఉంటే రాత్రంతా మేలుకుని చెవులు పట్టుకుని కూర్చునేదాన్ని కదమ్మా’ అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అప్పటినుంచీ నేను ఏ కుక్కకూ ముందు చెప్పకుండా బ్లేడు పెట్టలేదు. వద్దన్నవాళ్లను వెనక్కి పంపాను, డబ్బు పోగొట్టుకున్నాను. దానికి బాధలేదు.

మీరు తిరిగి వెళ్లి వాళ్లతో మాట్లాడండి. ముందు పగటి వెలుతురులో ఫొటోలు తీసి పెట్టుకోండి: రెండు చెవులు పక్కపక్కన, తొడలు, గోరు. డాక్టరు రాసిన కాగితం, మందుల రసీదు దగ్గర ఉంచుకోండి. గొంతు పెంచకుండా వరసగా అడగండి. ఏ నంబరు బ్లేడు వాడారు? పని ఎవరు చేశారు? ఆ అయిదు గంటల్లో పని జరిగింది ఎంతసేపు, మిగతా సమయం అది ఎక్కడుంది? ఎలా ఆరబెట్టారు? ఈ ఆఖరి ప్రశ్నకు నేను చాలా విలువిస్తాను. షిట్జూలాంటి చప్పిడి ముక్కు కుక్కలు రొప్పి ఒంటివేడి తగ్గించుకోవడంలో బలహీనం. బోనులో పెట్టి వేడి డ్రయ్యరు తగిలించి మరోపనికి వెళ్లిపోతే వడదెబ్బ తగిలి ప్రాణాలే పోతాయి, పోయాయి కూడా. ‘బోనులోనే ఆరబెట్టాం, మధ్యమధ్యలో చూశాం’ అంటే ఇక ఆ గడప తొక్కకండి. నిద్రమందు ఏమైనా ఇచ్చారా అని కూడా అడగండి. డాక్టరు లేకుండా గ్రూమరు అలాంటివి ఇవ్వకూడదు.

నిజాయతీ ఉన్నవాళ్లయితే ‘ఫోను చెయ్యాల్సింది, పొరపాటే’ అంటారు. వైద్యం ఖర్చు భరించమని అడగడం న్యాయమే, అడగండి. బొచ్చు పోయినందుకు పరిహారం అడిగితే మాత్రం వాదన అటువైపు మళ్లిపోతుంది. చిక్కులున్న మాట నిజం కాబట్టి వాళ్లు దాన్నే పట్టుకుంటారు. మీ బలం చెప్పకపోవడంలో ఉంది, అక్కడే నిలబడండి. బయట నలుగురికీ చెప్పదలిస్తే జరిగింది జరిగినట్టు, తేదీతో, ఫొటోలతో చెప్పండి. మీరు చూడనిదాన్ని, ‘కొట్టి ఉంటారు’ లాంటి మాటను, మాత్రం చేర్చవద్దు.

ఇప్పుడు ఆ కాలు. నా దృష్టిలో అసలు నష్టం ఇదే. మూడు నాలుగు నెలల్లో బొచ్చు వస్తుంది. ముట్టుకుంటే నొప్పి అని ఒకసారి మనసులో పడితే, ఏమీ చెయ్యకపోతే అది ఏళ్ల తరబడి ఉంటుంది. రేపు డాక్టరు ఆ కాలికి సూది వెయ్యవలసి వచ్చినా పళ్లు చూపిస్తుంది.

గోటి గాయం పూర్తిగా మానేదాకా ఆ కాలి జోలికి పోవద్దు. మంచం కిందినుంచి లాగవద్దు. మీరే నేలమీద కూర్చుని, దాని వైపు చూడకుండా, మీ పని మీరు చేసుకోండి. దానంతట అది బయటికి వచ్చాక మొదలుపెట్టండి. భుజంమీద ఒక్క క్షణం చెయ్యి ఆనించి తియ్యండి, వెంటనే దానికి ప్రాణంగా ఇష్టమైన తిండి గోరంత ముక్క పెట్టండి. ముందు స్పర్శ, తరవాత తిండి. ఈ వరస తారుమారైతే తిండి చూపినప్పుడల్లా ఏదో చెయ్యబోతున్నారని అనుమానిస్తుంది. రోజుకు రెండు పూటలు, రెండేసి నిమిషాలు చాలు. భుజం దగ్గర చెయ్యి పెట్టగానే అది తిండికోసం మీ ముఖంలోకి చూడటం మొదలుపెడితే మోచేతికి దిగండి. తరవాత మణికట్టు, తరవాత పంజా. పెదవులు నాక్కున్నా, నిద్ర రాకుండానే ఆవలించినా, తల పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూసినా, ఒళ్లు బిగబట్టినా మీరు తొందరపడ్డారని అర్థం. ఒక మెట్టు వెనక్కి దిగండి. గుర్రుమంటే కోప్పడకండి. గుర్రుమనడం అది మర్యాదగా చెప్పే ఆఖరి మాట. దాన్ని కూడా నోరు మూయించామంటే ఇక మిగిలేది కరవడమే.

పంజాను వేళ్లతో విప్పి చూడనిచ్చే దశకు వచ్చాక గోళ్ల కత్తెర తీసి ఊరికే నేలమీద పెట్టండి. వాసన చూసినా తిండి. తరవాత దానికి కాస్త దూరంలో ఆ కత్తెరతో అగ్గిపుల్లలు కట్‌మని తుంచండి, ప్రతి చప్పుడుకూ ఒక ముక్క. గోరు తెగే చప్పుడు కూడా అచ్చం అలాగే ఉంటుంది. ఒక రోజు ఒక్క గోరు కొస మాత్రమే తీసి ఆపెయ్యండి. కొన్ని కుక్కలకు రెండు వారాలు పడుతుంది, కొన్నింటికి రెండు నెలలు. నేను చూసిన ఒక కుక్కకు అయిదు నెలలు పట్టింది. ఇంట్లోవాళ్లు విసుక్కోకుండా చేశారు.

మళ్లీ ఎవరికైనా అప్పగించవచ్చా అంటే, అప్పగించవచ్చు. గోడమీద వేలాడే సర్టిఫికెట్లు చూసి మాత్రం నిర్ణయించుకోవద్దు. చాలాచోట్ల ఈ పనికి ఏ లైసెన్సూ అక్కర్లేదు, ఎవరైనా బల్ల వేసుకుని మొదలుపెట్టవచ్చు. మీ కుక్క లేకుండా ఒకసారి వెళ్లి అరగంట కూర్చోండి. బల్లమీద మెడకు ఉచ్చు తగిలించిన కుక్కను వదిలి ఎవరైనా ఫోనుకోసం పక్కకు వెళ్లారా చూడండి. వెళ్లారంటే లేచి వచ్చెయ్యండి. అది దూకితే ఉరి పడుతుంది. తెరచాటున పని చేసే చోట్ల కన్నా అద్దంలోంచి కనిపించే చోట్లు మేలు. మొదటిరోజు కత్తిరింపు వద్దని చెప్పండి. బల్ల ఎక్కించి, దువ్వి, దించి పంపమనండి. దానికి కూడా డబ్బు ఇవ్వండి. ‘ఇదేం కోరిక’ అన్నట్టు చూశారంటే వాళ్లు మీకు పనికిరారు.

మీ వంతుగా ఒక ఇనుప దువ్వెన కొనండి, ఒకవైపు పళ్లు దూరంగా, ఒకవైపు దగ్గరగా ఉండేది. కొత్త బొచ్చు వస్తున్నప్పుడే అలవాటు చెయ్యడం తేలిక. పాయలు పాయలుగా విడదీసి, చర్మం కనిపించేలా గీత తీసి, మొదలునుంచి కొస దాకా దువ్వాలి. బ్రష్ చేశాక దువ్వెన ఎక్కడా ఆగకుండా జారిందంటేనే పని అయినట్టు. స్నానానికి ముందు ఒకసారి, పూర్తిగా ఆరాక ఒకసారి. ఎక్కడైనా ఉండ కనిపిస్తే కత్తెర తీసుకోవద్దు. ఉండలోకి చర్మం ముడతపడి ఎక్కి ఉంటుంది, కంటికి కనిపించదు. అలా ఇంట్లో కత్తిరించబోయి చంకలో చర్మం తెగి కుట్లు పడ్డ కుక్కలను చాలా చూశాను. వేళ్లతో పాయలుగా చీల్చి, కొసలనుంచి మొదలుకు కొద్దికొద్దిగా విప్పండి. విడకపోతే మీరు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి వెళ్లే గ్రూమరు దగ్గరికి తీసుకెళ్లి, ఫలానా చోట ఉండ ఉందని మీరే వేలుపెట్టి చూపించండి.

చెవి ఎలా ఉందో చూశాక రాయండి. మందంగా ఉంటే మాత్రం నాకు రాయడానికి ఆగకండి, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి.